తెల్ల ఈకలో గీతలు కనబడేదాకా

యాసంగి నాట్లప్పుడు కరీంనగర్ చుట్టుపక్కల ఏ ఊరి దారి పట్టినా బురద పొలంలో ట్రాక్టరు, దాని వెనకే కొంగల గుంపు కనిపిస్తాయి. చక్రాలు తిరగేసిన మట్టిలోంచి పైకి తేలిన పురుగుల కోసం అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉరుకుతాయి. ఫోను తీసి ఫోటో కొడితే పొలం వస్తుంది, ట్రాక్టరు వస్తుంది, డ్రైవరు తలకు చుట్టుకున్న తువ్వాల మడతలు కూడా వస్తాయి. కొంగ మాత్రం రాదు. అది ఉండాల్సిన చోట కొంగ ఆకారంలో ఒక తెల్లని ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ఈకలు కనబడేలా చెయ్యడానికి నూట నలభై ఏళ్లకు పైగా రసాయన శాస్త్రవేత్తలు, కటకాలు అరగదీసేవాళ్లు, పక్షి ప్రేమికులు, లెక్కల మనుషులు తలోచెయ్యీ వేశారు. వాళ్లు చేసిన ప్రతి పరికరమూ పక్షిని కొంత దగ్గరికి తెచ్చింది. తెలుపు సంగతి మాత్రం చాలాకాలం కెమెరా పట్టుకున్న మనిషి మీదే పడింది.

అసలు కొంగ ఈకలో తెల్ల రంగంటూ ఏదీ లేదు. కాకి నలుపుకు మెలనిన్ అనే వర్ణకం కారణం. కొంగ ఈకలో అది ఉండదు. ఈకంతా కెరటిన్ అనే మాంసకృత్తు. అందులో గాలి నిండిన అతి సన్నని గదులుంటాయి. వాటిలోకి చొరబడిన వెలుగు అన్ని రంగుల్లోనూ ఇంచుమించు సమానంగా చెదిరి బయటికొస్తుంది, మన కంటికి అదే తెలుపు. కొంగలు బారుగా ఎగిరిపోతుంటే చేతులు చాచి గోళ్ల మీద తెల్ల చుక్కలు అడిగిన పిల్లలం మనమంతా. ఆ తెలుపు ఇవ్వడానికి వాటి దగ్గర రంగే లేదని అప్పుడు తెలియదు. మెలనిన్‌కు మరో గుణం ఉంది, అది ఈకను గట్టిపరుస్తుంది. అందుకే పెద్ద తెల్ల పక్షులు చాలావాటికి రెక్కల చివర్లు నల్లగా ఉంటాయి. మన చెరువులకు వచ్చే ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ రెక్క విప్పినప్పుడు చూడండి. ఫోటో తీసేవాడికి ఒకే పక్షి మీద చిక్కటి నలుపూ, మండే తెలుపూ రెండూ ఎదురవుతాయి.

ఈకను దగ్గరగా చూస్తే మధ్యన కాడ, కాడకు రెండు వైపులా పోగులు, ఒక్కో పోగుకు మళ్లీ అంతకన్నా సన్నటి నూగు పోగులు, వాటికి కొక్కేలు. కరీంనగర్ వెండి తీగ పని ఎరిగినవాళ్లకు ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. వెండి రేకు ఉత్త మెరుపు. అదే వెండిని తీగలుగా లాగి చుట్టి అతికితే, తీగకూ తీగకూ మధ్య పడే నీడలో పనితనం కనబడుతుంది. తెల్ల ఈకలో కన్ను చదివేది కూడా ఆ నీడనే. పోగుకూ పోగుకూ మధ్య పలచటి బూడిదరంగు గీత ఫోటోలో నిలిస్తే ఈక ఉన్నట్టు, చెరిగిపోతే లేనట్టు.

రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడుపుతూ ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీస్తున్న 1880ల నాటికి ఆ గీతను పట్టే దారి లేదు. అప్పటి గాజు ప్లేట్లు ప్రధానంగా నీలి వెలుగుకే స్పందించేవి. ఎరుపు వాటికి చీకటితో సమానం. నీలాకాశం మాత్రం ప్లేటు మీద బలంగా పడి, అచ్చులో తెల్లగా తేలేది. ఆ కాలపు కోటల ఫోటోల్లో, రాజభవనాల ఫోటోల్లో ఆకాశం వట్టి కాగితంలా ఉండడానికి కారణం ఇదే. అలాంటి ఆకాశంలో తెల్లకొంగ ఎగిరితే ఫోటోలో ఏమీ ఎగరనట్టే. బెర్లిన్‌లో హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్ 1873లోనే ప్లేటు మందులో కొన్ని రంగులు కలిపితే అది ఆకుపచ్చనీ, పసుపునూ చూడగలదని కనిపెట్టాడు. ఆ బాటలోనే 1906లో ఇంగ్లండులో ఎరుపుదాకా అన్ని రంగులనూ పట్టే ప్లేట్లు బజారులోకొచ్చాయి. అప్పుడు కటకం ముందు పసుపు గాజు పెడితే ఆకాశం నల్లబడి, తెల్ల పక్షి దాని మీద నిలబడింది. పక్షిని ముట్టుకోకుండా దాని వెనకను మార్చడం అన్నమాట. ఈ కళలో సగం కిటుకులు ఇప్పటికీ అలాంటివే.

చిత్రంగా, తెలుపు ఒకప్పుడు అడ్డంకి కాకపోగా సాయం చేసింది. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరస ఫోటోల్లో పట్టాడు. వెనక తెల్ల తెర, ముందు గుర్రం నల్లటి ఆకారంగా పడింది. ప్యారిస్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే పక్షులు ఎగిరే తీరును పరిశోధిస్తున్నాడు. మైబ్రిడ్జ్ తెచ్చిచూపిన పక్షుల ఫోటోలు ఆయనకు నచ్చలేదు. 1882లో తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేసుకున్నాడు. గొట్టంలో కటకం, తూటాల చోట తిరిగే ప్లేటు, గురిపెట్టి మీట నొక్కితే సెకనుకు 12 ఫోటోలు. అవి చిన్నగా, ఉత్త నీడల్లాగా వచ్చాయి. అప్పుడు ఆయన మైబ్రిడ్జ్ పద్ధతిని తిరగేశాడు. లోతైన నల్లటి వెనకతెర ముందు తెల్ల పక్షిని ఎగరేసి, ఒకే ప్లేటు మీద క్షణం క్షణం పడనిచ్చాడు. నల్లటి చోట ప్లేటుకు ఏ వెలుగూ తగలదు కాబట్టి తర్వాతి బొమ్మకు అక్కడ జాగా మిగిలి ఉంటుంది. పావురం, కొంగ, పెలికాన్ రెక్కలు ఎత్తడం నుంచి దించడం దాకా ఒకే ఫోటోలో వరసగా పడ్డాయి. పక్షి తెల్లది కాబట్టే ఆ ప్రయోగం సాధ్యమైంది. ఈకలు మాత్రం ఇంకా రాలేదు. అంత తక్కువ సమయంలో ప్లేటు పట్టగలిగింది రెక్క అంచునే.

ఇంగ్లండులో కియర్టన్ అన్నదమ్ములు, రిచర్డూ చెర్రీ, 1892లో గుడ్లున్న గూటిని ఫోటో తీసి, 1895 నాటికి మొదటి నుంచి చివరిదాకా ఫోటోలతోనే నడిచే పక్షిగూళ్ల పుస్తకం తెచ్చారు. పక్షి దగ్గరికి వెళ్లడానికి ఎద్దు చర్మంతో బొమ్మ చేసి అందులో దూరి కూర్చునేవారు. 1891లో టామస్ రుడాల్ఫస్ డాల్‌మేయర్ దూరదృశ్య కటకానికి పేటెంటు తీసుకున్నాడు. అది దూరాన్ని తగ్గించింది కానీ ప్లేటుకు చేరే వెలుగునూ తగ్గించింది. అందుకే గూటి దగ్గర కదలకుండా కూర్చున్న పక్షే చాలా ఏళ్లు ఫోటోకు దొరికింది.

ఈ కథలో నన్ను ఎప్పుడూ కదిలించే ఘట్టం కొంగ గూళ్ల దగ్గరే జరిగింది. పెద్ద తెల్లకొంగకు, చిన్న తెల్లకొంగకు జత కట్టే కాలంలో మాత్రమే వీపు మీద దారపు పోగుల్లాంటి పొడవాటి ఈకలు వస్తాయి. యూరప్, అమెరికా ఆడవాళ్ల టోపీలకు అవి కావాలి. ఔన్సు ఈకలు బంగారం ధరను మించి పలికిన రోజులవి. ఆ ఈకలు ఉండేదే గూళ్ల కాలంలో కాబట్టి తల్లిదండ్రులను కాల్చేసి, ఈకలు పీక్కుని, పిల్లలను ఆకలికి వదిలేసేవారు. 1902లోనే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. లండన్‌లో మాత్రం వ్యాపారం సాగుతూనే ఉంది. 1906లో ఆస్ట్రేలియాలో ఆర్థర్ మాటింగ్లీ అనే పక్షి పరిశీలకుడు మథౌరా దగ్గరి కొంగల కాలనీకి వెళ్లాడు. నీళ్ల మీద చచ్చి తేలుతున్న కొంగలు, గూళ్లలో నోళ్లు తెరిచి కూలబడిన పిల్లలు. ఆయన వాటిని వరసగా ఫోటోలు తీశాడు. 1907లో అవి ‘ఎమూ’ పత్రికలో వచ్చాయి. 1911లో పక్షి సంరక్షణ సంఘం వాటిని పెద్దవిగా చేయించింది, మనుషులు ఆ పలకలను మెడలో వేసుకుని లండన్ వీధుల్లో నడిచారు. 1921లో బ్రిటన్ ఈకల దిగుమతిని అడ్డుకునే చట్టం చేసింది. తెల్లకొంగ ఈకను టోపీలో పెట్టుకోవడం నుంచి ఫోటోలో చూసుకోవడం దాకా మనుషులు నడిచిన దారిలో ఆ ఫోటోలు పెద్ద మలుపు. మానేరు ఒడ్డున ఇవాళ వానకాలంలో కొంగ వీపు మీద గాలికి లేచే ఆ పోగులను ఫోటో తీసేవాళ్లు మాటింగ్లీ పేరు తెలుసుకోవాలని నా కోరిక.

కరీంనగర్, ఆదిలాబాద్ అప్పట్లో నిజాం రాజ్యంలోవి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఆ ఫలితాలు 1933 నుంచి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చాయి. ఆ రోజుల్లో పక్షిని నిర్ధారించాలంటే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, కొలతలు రాసుకోవాల్సిందే. కెమెరా ఇంకా సాక్ష్యం చెప్పే స్థితికి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ నుంచి తప్పించుకుని భారత్ చేరిన సినిమా వ్యాపారి లోకే వాన్ థో సలీం అలీకి స్నేహితుడై, పక్షుల ఫోటోల్లో ఆరితేరాడు. 1949లో లోథర్ అనే ఫోటోగ్రాఫరు తన భారత పక్షుల ఫోటో అనుభవాలను పుస్తకంగా వేశాడు. మద్రాసులో ఎం. కృష్ణన్ తన కెమెరాను తానే ముక్కలతో అమర్చుకుని జీవితాంతం నలుపు తెలుపుల్లోనే తీశాడు. వీళ్ల తెల్ల పక్షుల్లో ఈకలు కనబడతాయంటే అందులో ఫిల్ము చేసిన ఉపకారం చాలా ఉంది.

ఆ ఉపకారం ఏమిటో లెక్కకట్టి చూపినవాళ్లు ఇంగ్లండులోని ఒక రసాయన కర్మాగారంలో పనిచేసే ఇద్దరు, ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్. 1890లో వాళ్లు వెలుగుకూ ప్లేటు నలుపుకూ మధ్య సంబంధాన్ని ఒక వంపు గీతగా గీశారు. అడుగున మెల్లగా లేచి, మధ్యలో నిటారుగా ఎక్కి, పైన భుజంలా వంగుతుందది. ఆ పైవంపే తెల్ల పక్షిని కాపాడింది. వెలుగు మరీ ఎక్కువైనా ఫిల్ము ఒక్కసారిగా చేతులెత్తెయ్యదు. తేడాలను కొంచెం కొంచెంగా దగ్గరికి నొక్కుతుంది గానీ చెరిపెయ్యదు. నెగెటివ్ మరీ నల్లగా వచ్చినా చీకటిగదిలో ఓపిగ్గా అచ్చువేస్తే గీతలు బయటికొచ్చేవి.

1932లో సెలీనియం ఫోటోసెల్‌తో నడిచే వెలుగు మీటరు అమెరికాలో వచ్చింది. అప్పటిదాకా అలవాటుతో, అంచనాతో నడిచిన పని అంకెల్లోకి మారింది. అయితే మీటరుకు తను చూస్తున్నది కొంగా, బొగ్గుకుప్పా తెలియదు. ఎదురుగా ఏది ఉన్నా సగటున 18 శాతం వెలుగును తిప్పిపంపే బూడిదరంగు అనుకుంటుంది. 18ని రెట్టిస్తే 36, మళ్లీ రెట్టిస్తే 72; ఒక్కో రెట్టింపును ఒక స్టాపు అంటారు. ఎండలో తెల్ల ఈక ఉండేది ఆ 72 చుట్టుపక్కల, అంటే మీటరు అనుకున్నదానికి రెండు స్టాపులు పైన. ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. కొంగ ఫ్రేము నిండా ఉంటే మీటరు వెలుగు తగ్గించి దాన్ని మురికి బూడిదరంగు చేస్తుంది, మనం పెంచాలి. అదే కొంగ నల్లటి నీళ్ల ముందు చిన్నగా ఉంటే మీటరు నీళ్లను చూసి వెలుగు పెంచేస్తుంది, మనం తగ్గించాలి. 1985లో పూర్తయిన లోయర్ మానేరు డ్యాం దగ్గర ఉదయం కట్ట నీడ పడిన నీళ్లలో కొంగ నిలబడితే ఈ రెండోదే జరుగుతుంది.

ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవిలో ఇది ఇంకా తీవ్రం. టేకు, వెదురు నీడల్లో తెల్ల మగ తోకపిగిలిపిట్ట ఒంటికన్నా ఎంతో పొడవైన రెండు తోక ఈకలతో రిబ్బన్లా కదులుతూ పోతుంది. కెమెరా చీకటిని చూసి షట్టరు నెమ్మది చేస్తుంది. ఆకుల సందులోంచి పడిన ఒక ఎండ చారలోకి పిట్ట రాగానే తోక మొత్తం కాలిపోతుంది.

1939-40 ప్రాంతంలో అమెరికా ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ దృశ్యాన్ని నలుపు నుంచి తెలుపు దాకా మండలాలుగా విడగొట్టి, ఏ తెలుపు ఏ మెట్టు మీద పడాలో ఫోటో తీసేవాడే నిర్ణయించే పద్ధతి తయారుచేశారు. కదలని కొండలకు అది చక్కగా కుదిరింది. ఎగిరే పక్షికి అంత తీరిక ఎక్కడిది? ఫిల్ము కాలపు పక్షి ఫోటోగ్రాఫర్లు దాన్ని ఒక్క మాటకు కుదించుకున్నారు. ఎండలో తెల్ల పక్షి అయితే మామూలు లెక్క కన్నా ఒక స్టాపు తగ్గించు. 400 వేగపు ఫిల్ముకు, మంచి ఎండలో, కటకం రంధ్రం ఎఫ్/8 దగ్గర ఉంటే 1/1600 సెకను మామూలు లెక్క, కొంగకు 1/3200. ఈ సూత్రం నేటికీ చెల్లుతుంది, మీటరును అసలు పట్టించుకోకుండా కూడా. 1983లో నికాన్ ఎఫ్ఏ కెమెరా ఫ్రేమును ఐదు ముక్కలుగా కొలిచి బేరీజు వేసే పద్ధతి తెచ్చింది. మనిషి బుర్రలోని లెక్క కొంత యంత్రంలోకి వెళ్లడం అక్కడ మొదలైంది.

డిజిటల్ వచ్చాక పాత ఉపకారం పోయింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ చేసిన సీసీడీ, ఆ తర్వాతి సెన్సర్లు వెలుగును నేరుగా లెక్కపెడతాయి. ప్రతి గడిలో ఎలక్ట్రాన్లు నిండుతాయి. గడి నిండిందా, ఆ పైన పడిన వెలుగుకు లెక్కే లేదు. భుజంలా వంగే దయ అక్కడ లేదు, గీత తిన్నగా వెళ్లి ఒక్కసారిగా తెగిపోతుంది. నిండిన పది గడులు పక్కపక్కన ఉంటే వాటి మధ్య ఉన్న బూడిద గీతను ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు. దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. 1976 నాటి బేయర్ పేటెంటు ప్రకారం గడుల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలుంటాయి. సాయంత్రపు ఎర్రటి ఎండలో ఎరుపు గడులు మిగతావాటికన్నా ముందే నిండిపోవచ్చు. మొత్తం వెలుగు పంపకాన్ని గ్రాఫుగా చూపే హిస్టోగ్రాం అంతా బాగుందంటుంది, ఎరుపు విడిగా చూస్తే అంచు దాటి ఉంటుంది. ఫోటోలో కొంగ ఛాతీ పసుపు మరకలా తేలుతుంది. మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రాం ఉన్న కెమెరా చేతిలో ఉంటే సాయంత్రం కొంగలకు అదొక్కటే నమ్మదగ్గది.

సెన్సరుకు ఒక మంచి గుణమూ ఉంది. సెన్సరు లెక్కను ఉన్నదున్నట్టు దాచే 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటే, వాటిలో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికన్నా పై స్టాపులోనే ఉంటాయి. తెల్ల ఈక సరిగ్గా అంచు కిందే పడేలా తీస్తే, పోగుల మధ్య తేడాలు చెప్పడానికి కెమెరా దగ్గర ఉన్న మెట్లలో ఎక్కువ భాగం ఆ తెలుపుకే దక్కుతుంది. అదే దృశ్యం జేపెగ్‌గా మారితే రంగుకు 256 మెట్లే. 2014లో నికాన్ డి810లో ఫ్రేములో అన్నిటికన్నా ప్రకాశంగా ఉన్న భాగాన్నే కాపాడే మీటరు వచ్చింది. 1932 మీటరుకు తెలియని సంగతి, కొంగ ఉందన్న సంగతి, దాదాపుగా యంత్రానికి తెలిసిన ఘడియ అది.

తెలుపులో వివరం అందం కోసమే అనుకునేవాళ్లకు ఒక మాట. పెద్ద తెల్లకొంగ, మధ్యరకం తెల్లకొంగ దూరాన ఒకేలా ఉంటాయి. పెద్దదానికి నోటి చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది, మధ్యరకానికి కంటి కిందే ఆగిపోతుంది. జత కట్టే కాలంలో పెద్దదానికి పొడవు పోగులు వీపు మీదే, మధ్యరకానికి ఛాతీ మీద కూడా ఉంటాయి. తెలుపు కాలిపోయిన ఫోటోలో ఈ రెండూ కనబడవు. సలీం అలీ కాలంలో తుపాకీ చెప్పిన సాక్ష్యాన్ని ఇప్పుడు ఫోటో చెబుతోంది. 1980లో మొదలైన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం నుంచి నేటి ఊరూరి కుర్రాళ్ల దాకా జాబితాలు తయారయ్యేది దాని మీదే.

దూరం సంగతి ఇప్పుడు చాలావరకు తీరింది. పెద్ద కటకాలు, 1995 నుంచి చేతి వణుకును సర్దే కటకాలు, 2020 తర్వాత పక్షి కన్నును వెతికి పట్టే ఫోకసు. కొన్ని పెద్ద కటకాల గొట్టాలకు కూడా తెల్ల రంగే వేస్తారు, ఎండ వేడి లోపలి గాజుకు తగలకుండా. తీరనిది గాలి. రామగుండం, మంచిర్యాల వైపు ఎండాకాలం తొమ్మిది దాటితే నేల మీది వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. ఎంత ఖరీదైన కటకమైనా ఆ గాలి గుండానే చూడాలి, ఈక పోగులన్నీ కలిసిపోతాయి. దీనికి మందు తెల్లవారుజామే, లేదా వానకాలపు మబ్బు. మబ్బు కింద తెలుపుకూ నలుపుకూ అంతరం తగ్గి, ఎర్రకాళ్ల కొంగ రెక్కలో రెండూ నిలుస్తాయి. ఇంకా దగ్గరికి వెళ్దామంటే గూటి దగ్గర కుదరదు. ఆసిఫాబాద్ జిల్లా పెద్దవాగు మీద పాలరాపు గుట్టలో 2013లో బయటపడిన రాబందుల గూళ్లనైనా, ఊరి చింతచెట్టు మీది కొంగ గూళ్లనైనా, తల్లి లేచిపోని దూరం నుంచే చూడాలి. లేచిన ఆ కాసేపట్లో ఎండకో, కాకికో పిల్ల బలైపోతుంది.

ఇక నాటుపొలం పక్కన నిలబడి ఫోను తీసినవాడి సంగతి. 2016లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన పద్ధతిలో ఫోను ఒక్క ఫోటోకు బదులు వరసగా కొన్ని తీస్తుంది. ప్రతిదానికీ కావాలనే వెలుగు తక్కువిస్తుంది, తెలుపు తెగకుండా. తర్వాత వాటిని ఒకదాని మీద ఒకటి సరిచేసి కలిపి, చీకటి భాగాలను పైకి లేపుతుంది. పాత ఫిల్ము మనుషులు చెప్పిన ఒక స్టాపు తగ్గించడమే ఇది, ఫోను తనంతట తాను చేస్తుంది. ఈ తరం ఫోనుతో నిశ్చలంగా నిలబడిన కొంగను దగ్గరగా తీస్తే ఛాతీ మీద పోగులు వస్తాయి. చేపకో పురుగుకో మెడ విసిరినప్పుడు ఆ ఫోటోలు ఒకదానితో ఒకటి కలవవు, మెడ దగ్గర ఈకలు అలికినట్టవుతాయి. దానికి మాత్రం ఇంకా 1/3200 సెకనే కావాలి, అది కూడా మంచి ఎండలో.